ఆంగస్ తప్పిన దారి

“ఇదే వీధి! ఇక్కడే ఉండేది!” అన్నాడు ఆంగస్, జనం నడిచే దారికి అడ్డంగా నిలబడి.

“నీ మొహం! ఆ బారు బ్రూక్లిన్‌లో కదరా. పొద్దున దాని ముందే ఫోటో దిగాం. ఇప్పుడది కళ్ళజోళ్ళ కొట్టు,” అన్నాడు ఆర్విస్.

“అది వేరు, ఇది వేరు. నీకే మతి పోయింది.”

ఆర్విస్ పగలబడి నవ్వాడు. మెల్విన్ మాత్రం వీధి పేరున్న బోర్డు మళ్ళీ చదివాడు. మన్‌హట్టన్‌లోని ఈ వీధిలో ముగ్గురూ ఏనాడూ అడుగు పెట్టలేదు.

బయల్దేరేటప్పుడు ఆంగస్ భార్య థెరీసా మెల్విన్‌ని పక్కకు పిలిచింది. “ఈ మధ్య మనిషి మనిషిలా లేడు అన్నయ్యా. ఎప్పటివో పని బూట్లు తీసి గంటల తరబడి పాలిష్ పట్టాడు. షెడ్డులో ఏదో వెతుకుతాడు, ఏమిటంటే కసురుకుంటాడు. నువ్వు దగ్గరుండి గమనించు. మతిమరుపే అయితే దాచకుండా చెప్పు. కారు తాళాలు తీసేసుకుంటాను,” అంది.

తాళాలు పోతే ఆంగస్ బతికున్నా లేనట్టే. ఆ మాట తన నోటితో చెప్పాలంటే మెల్విన్‌కు ప్రాణం ఒప్పడం లేదు. మొదటిసారి దూలం మీద తన కాళ్ళు వణికిన రోజున, నడుం బెల్టు పట్టుకుని ఆపింది ఆంగసే.

ముగ్గురూ కెనడాలోని కానావాకే ఊరి మోహాక్ తెగవాళ్ళు. మీసాలు సరిగ్గా రాకముందే న్యూయార్క్ ఆకాశంలో, కట్టే భవనాల ఇనుప దూలాల మీద నడిచినవాళ్ళు. ఆ రోజుల్లో శుక్రవారం సాయంత్రమైతే చాలు, కారెక్కి రాత్రంతా నడుపుకుంటూ ఊరు చేరేవాళ్ళు. శుక్రవారం నాడు నగరానికి చేరడం ఇదే మొదలు. వారాంతం పాత చోట్లన్నీ తిరగాలనీ, శుక్రవారం పొద్దుటికే అక్కడ ఉండాలనీ పట్టుబట్టింది ఆంగసే.

వచ్చాడన్న మాటే గానీ, ఒక్క చోట కుదురుగా నిలబడలేదు. మొక్కజొన్న పిండి కొనే పాత కొట్టు ముందు నిమిషమైనా ఆగనివ్వలేదు. కాఫీ హోటల్లో గుడ్లు సగం వదిలేసి గడియారం చూసుకున్నాడు. ఇంతలో అతని ఫోను మోగింది.

“రానని చెప్పానుగా! నాకు పనుంది,” అని పెట్టేశాడు.

“ఎవర్రా?” అన్నాడు మెల్విన్.

“మనవరాలు. ఏదో వేడుకట.”

“బఫెలోలో తల్లి దగ్గర పెరిగిన పిల్లేనా? వెళ్ళకపోయావా?”

ఆంగస్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు. ఆర్విస్‌కు సందు దొరికింది. “ఆ పిల్లన్నా ఫోను చేస్తోంది, సంతోషించు. మీ తాత, మీ నాన్న, నువ్వు, అందరూ ఇనుమెక్కినవాళ్ళే! తీరా నీ కొడుకేమో బ్యాంకులో కుర్చీ ఎక్కాడు. మీ ఇంట్లో ఇనుము నీతోనే తుప్పు పట్టిందిరా.”

మరో రోజైతే ఆ మాటకు ఆంగస్ అతని చొక్కా పట్టుకునేవాడు. ఇవాళ మాత్రం లేచి, చంకలో సంచి సర్దుకుని, రైలు స్టేషన్ వైపు నడిచాడు. అది చూసి మెల్విన్‌కు మరింత దిగులేసింది.

ఇప్పుడేమో ఈ వీధి.

“పద, వెనక్కి వెళ్దాం,” అన్నాడు మెల్విన్ మెల్లగా.

“ఇంకొంచెం ముందుకే.”

మలుపు తిరిగేసరికి కొత్త భవనం కనిపించింది. క్రేన్ కొక్కానికి తెల్లరంగు వేసిన దూలం వేలాడుతోంది. దాని మీద ఓ చిన్న దేవదారు మొక్క, పక్కన జెండా.

“చివరి దూలంరా!” అన్నాడు ఆర్విస్. భవనం ఇనుప చట్రం పూర్తయ్యే రోజు పనివాళ్ళు చేసుకునే వేడుక అది. ముగ్గురూ టోపీలు తీశారు.

పైన గాలి జోరుగా ఉంది. దూలం ఊగుతోంది. స్తంభం కొసన కాళ్ళు మెలేసి కూర్చున్న మనిషి దానికోసం చెయ్యి చాపింది.

“తొందరపడకు,” అని గొణిగాడు ఆంగస్. “నువ్వు పోకు. దాన్నే నీ దగ్గరికి రానీ.”

మెల్విన్ ఉలిక్కిపడ్డాడు. కుర్రతనంలో తనకు ఆంగస్ చెప్పిన మాటలవి, అక్షరం పొల్లుపోకుండా. వీడు ఆ రోజుల్లోకి వెళ్ళిపోయాడు, ఇక లాభం లేదు అనుకున్నాడు. థెరీసాకు చెప్పక తప్పదు.

దూలం సర్రున వచ్చి ఆ చేతికి చిక్కింది. రెంచి తోకనున్న మొన రంధ్రంలో దిగి దూలాన్ని నిలిపింది, బోల్టు పడింది. ఆ మనిషి లేచి, చేతులు చాపకుండా, ఇంటి వసారాలో తిరిగినట్టు దూలం పొడవునా నడిచింది.

“అబ్బ! మనూరి నడకేరా!” అన్నాడు ఆర్విస్. “ఎవరింటి బిడ్డో గానీ, ఆ ఇంటివాళ్ళు గుండె విరుచుకు తిరగొచ్చు.”

ఆంగస్ కళ్ళు తుడుచుకున్నాడు. “గాలికి,” అన్నాడు.

కింద చప్పట్లు మోగాయి. పనివాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు. మెల్విన్ స్నేహితుడి మోచెయ్యి పట్టుకున్నాడు. “పదరా, ఇంటికి పోదాం. థెరీసా ఎదురుచూస్తుంటుంది.”

ఆంగస్ కదల్లేదు. తళతళలాడే బూట్లు రెండూ దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడ్డాడు. సంచిలోంచి తువ్వాలు చుట్టిన పాత రెంచి తీశాడు. తండ్రి నుంచి తనకు వచ్చిన రెంచి అది.

దూలం మీద నడిచిన మనిషి రోడ్డు దాటి ఇటే వచ్చింది. హెల్మెట్ తీయగానే నడుం దాకా జడ జారింది.

“తాతా, రానన్నావుగా!”