అద్దం మీది మెసేజ్

“మెసేజ్‌లు మాత్రం ఆపకండి,” అంది డాక్టరమ్మ స్టీరింగ్ పట్టుకుని. “నావన్నీ కాన్పు కేసులు. ఏ క్షణాన ఏ కబురొస్తుందో తెలీదు.”

కొత్త కారు అప్పగించే ముందు దాని సంగతులు నేర్పడం పక్క సీట్లో కూర్చున్నతని ఉద్యోగం. షోరూమ్‌లో అందరూ మాస్టారంటారు. ఆయన ఆమె మాట విననట్టే, “ముందు సీటు కాస్త పైకెత్తండి మేడమ్,” అన్నాడు.

ఎత్తింది. ముందు అద్దంలో, బానెట్‌కి అవతల గాలిలో వేలాడుతున్నట్టు స్పీడు అంకె కనిపించింది.

“అది రోడ్డుకి అడ్డం రాకూడదు. ఈ బటన్‌తో కిందికి దించండి. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు వెలుగు తగ్గించండి. మరీ కొట్టొచ్చినట్టుంటే కళ్లు దాన్నే పట్టుకుంటాయి.”

“చలవ కళ్లద్దాలు పెట్టుకుంటే?”

“కొన్నిటితో అంకె కనబడదు. వెతుక్కోకండి. స్పీడు, మలుపు బాణం, ఈ రెండూ ఉంచుదాం. ఫోన్‌కొచ్చే మెసేజ్‌లు అద్దం మీద పడకుండా తీసేద్దాం.”

“తల దించకుండా చదువుకోడానికేగా ఇది పెట్టింది? కళ్లు రోడ్డు మీదే ఉంటాయి కదా.”

“కళ్లుంటాయి మేడమ్. మనసుండదు.”

ఆమెకి చిర్రెత్తింది. “చెప్పినట్టు చేస్తారా, మీ మేనేజర్ని పిలవనా?”

మాస్టారు కాసేపు ఒళ్లో ఉన్న కాగితాలు సర్దుకున్నాడు.

“మూడేళ్ల కిందట మా కారు ఆగి ఉన్న లారీ కిందికి దూసుకుపోయింది. పట్టపగలు, తిన్నని రోడ్డు. అద్దం మీద మెసేజ్ వచ్చింది. అది చదివేలోపల అంతా అయిపోయింది. మా ఆవిడ పోయింది.”

డాక్టరమ్మ చేతులు స్టీరింగ్ మీంచి జారాయి. “మరి మీకు?”

“గీత కూడా పడలేదు.”

ఆమె ఆయన వంక చూడలేకపోయింది. పెళ్లాన్ని పక్కన పెట్టుకుని మెసేజ్‌లు చదివిన మనిషి తనకి పాఠం చెప్పడమా అనిపించింది. అంతలోనే, వచ్చిన ప్రతివాళ్లకీ ఈ పాఠం చెప్పడానికి ఈయన రోజూ ఎంత దిగమింగుకుంటున్నాడో అని జాలేసింది.

“కేసయిందా?”

“రాసుకున్నారు, మూసేశారు. నన్నెవరూ ఏమీ అనలేదు. మా అత్తగారు కూడా. నాలుగు తిట్టినా బాగుండేది.”

ఆమె ఇంకేమీ అడగకుండా చెయ్యి చాపి, మెసేజ్‌ల గుర్తుని తనే నొక్కింది. అద్దం మీద అంకె, బాణం మిగిలాయి.

“అర్జెంటైతే ఫోనే చేస్తార్లెండి. పక్కకి ఆపి మాట్లాడతాను.”

“మంచిది మేడమ్.” తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

“అంత ముఖ్యమైన మెసేజా అది?”

“‘ఎక్కడున్నావ్’ అని. అంతే.”

“ఎవరో గానీ, వాళ్లకి తెలుసా? దానివల్లే ఇంత జరిగిందని?”

మాస్టారు తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు. అటు తిరిగే జవాబిచ్చాడు.

“తెలుసు మేడమ్. పంపింది నేనే.”