తలుపుల తాత

"తలుపు వేశావా అమ్మా?"

వెనకనుంచి ఆ గొంతు వినగానే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టరమ్మాయికి ఒళ్ళు మండింది.

"వేశానండీ తాతగారూ!" అంది, తల తిప్పకుండానే.

గది తలుపు దానంతటదే మూసుకునే రకం. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా పెద్దాయన చెవికెక్కదు. రోజూ పొద్దున్నే వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడతాడు, ఇదే మాట అడుగుతాడు, కాసేపటికి మళ్ళీ అడుగుతాడు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. పాత సెక్యూరిటీ మాత్రం సలాం కొట్టి మరీ లోపలికి పంపుతాడు. ఆఫీసంతా 'తలుపుల తాత' అని పేరు పెట్టి నవ్వుకునేది.

ఆమెకు నవ్వే ఓపిక లేదు. ఉద్యోగం గాలిలో దీపంలా ఉంది.

ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికి ఆమె రాసిన పరీక్షలు రోజూ సగంలోనే చతికిలబడుతున్నాయి. ఒక్కో పరీక్షా డేటాబేస్‌కు కనెక్షన్ తెరిచి, పని చూసుకుని, మూసి వెళ్ళాలి. ఆపైన డేటాబేస్‌ను కడిగినట్టు ఖాళీ చేశాకే తర్వాతి పరీక్ష మొదలవ్వాలి. ఒకదాని ఎంగిలి ఇంకోదానికి తగలకూడదు. ఎక్కడో ఏదో కనెక్షన్ తెరిచే ఉండిపోతోంది. అది ఉన్నంతసేపూ కడగడం కుదరదు, మొత్తం అక్కడే ఆగిపోతోంది.

"నేను ఊరినుంచి వచ్చేలోగా ఇది తేలకపోతే, నిన్ను ఉంచడం నా చేతుల్లో ఉండదమ్మా," అని చెప్పి వెళ్ళింది మేనేజర్ మేడమ్.

మర్నాడు గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ కనిపించాడు.

"ఒక ముసలాయన వస్తాడు. లోపలికి పంపకు," అంది అతనితో.

"ఎవరండీ ఆయన?"

"ఎవరైతేనేం? పనీపాటా లేని మనిషి."

తన గది కిటికీలోంచి చూసింది. పెద్దాయన వానలో గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎటో నడిచి వెళ్ళిపోయాడు.

హమ్మయ్య అనుకుంది.

ఆయన మళ్ళీ రాలేదు. మేడమ్ కూడా అనుకున్న రోజుకు రాలేదు. ఇంట్లో ఎవరో పోయారని అందరూ చెప్పుకున్నారు.

దొరికిన ఆ గడువులో ఆమె, ఎవరూ ముట్టుకోని పాత ప్రోగ్రాము తెరిచింది. అందులో కనెక్షన్‌కు ఎవరో 'తలుపు' అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట! పక్కనే చిన్న వాక్యం: 'పరీక్ష పాసైనా ఫెయిలైనా తలుపు వెయ్యాల్సిందే.'

వెంటనే తను రాసింది తెరిచి చూసుకుంది.

తన పరీక్షలు పాసైతేనే కనెక్షన్ మూస్తున్నాయి. ఫెయిలైనవి మూయకుండానే మధ్యలో లేచి వెళ్ళిపోతున్నాయి.

మార్చింది. అన్నీ చివరిదాకా నడిచాయి. అయినా సంతోషం కలగలేదు. గేటు దగ్గరికి పరుగెత్తింది.

"ఆ తాతగారొస్తే నా దగ్గరికే పంపు!"

"ఆ రోజునుంచీ రాలేదండీ."

మేడమ్ వచ్చి తెర చూసింది. "నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా," అంది, నీరసంగా.

"ఆ పాత ప్రోగ్రాము రాసిందెవరండీ? ఆయన కాళ్ళకు దండం పెట్టుకోవాలి."

మేడమ్ ఆమె కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఈ కుర్చీలో కూర్చునే రాశారు. తర్వాత జబ్బు చేసి అన్నీ మర్చిపోయారు. ఇక్కడికొస్తే తప్ప మనసు కుదుటపడేది కాదు. జాలిపడతారని, ఎవరికీ చెప్పొద్దని పాత సెక్యూరిటీకి నేనే అన్నాను. ఆ రోజు వానలో ఎందుకు తిరిగారో, దారి ఎలా తప్పారో..."

మేడమ్ కుర్చీ వీపును తడిమింది.

"చివరి శ్వాసదాకా నన్ను 'ఎవరమ్మా నువ్వు' అనే అడిగారు, మా నాన్న."