నల్ల చొక్కా

"ఆగు బే! కదిలినవంటే కాళ్ళిరగ్గొడ్త!"

ఆ కేకకు కొండల్ బైకు దానంతటదే ఆగినట్టు ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే తెల్ల కారు. బంపరుకు బంతిపూల దండ ఇంకా వాడనే లేదు. ఎడమవైపు అద్దం మాత్రం ఒక్క వైరు పట్టుకుని వేలాడుతోంది. దాన్ని అలా వేలాడదీసింది కొండల్ బైకు హ్యాండిలే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే రోడ్డు మీద సాయంత్రం నాలుగింటికి అద్దాలు విరగడం వింతేమీ కాదు. వింతల్లా ఆ కారులోంచి దిగుతున్న ఆసామి. ఎంతసేపటికీ దిగడం పూర్తికావడం లేదు. ముందు కాలు, తరువాత పొట్ట, ఆ తరువాత భుజాలు. మొత్తం మనిషి బయటపడేసరికి పది సెకన్లు పట్టింది. ఆ పది సెకన్లలో కొండల్ బైకును జామకాయల బండి పక్కకు తోశాడు, స్టాండు వేశాడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు, చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు.

"నా బండే దొరికిందా నీకు?" అని జామకాయల పెంటమ్మ విసుక్కుంది.

నాగోల్ ఫంక్షన్ హాలులో వడ్డనకు ఆలస్యమవుతోందన్న దిగులు కూడా కొండల్‌కు ఇప్పుడు లేదు. ఉన్న దిగులల్లా తన ముఖం గురించే. రేపు పొద్దున పెద్ద అంబర్‌పేట్‌లో పెళ్ళిచూపులు. వాచిన మూతితో వెళ్ళి కూర్చుంటే చూడబోయే పిల్ల భానుప్రియ చాయ్ కప్పు చేతికివ్వకుండానే లోపలికి వెళ్ళిపోతుంది.

ఆసామి వస్తూనే కాలర్ పట్టుకున్నాడు.

"బండి కొని మూడు రోజులు గూడ కాలే! కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా?"

చెయ్యి లేచింది.

"స్వామి శరణం" అన్నాడు కొండల్.

లేచిన చెయ్యి గాలిలోనే ఆగింది. ఆసామి అప్పుడు మనిషిని సరిగ్గా చూశాడు. నల్ల చొక్కా. నల్ల ప్యాంటు. వారం రోజుల గడ్డం. చూపు మెల్లగా కిందికి దిగింది. పాదాలకు చెప్పులు లేవు.

"మాలేసినవా?"

"తప్పు నాదే స్వామీ. కొట్టుండ్రి. దీక్షల ఉన్నోళ్ళు ఎదురుతిరగొద్దు గదా."

అప్పటికే గుంపు చేరింది. గుంపు చేరితే పెంటమ్మకు గిరాకీ. తలెత్తకుండా కాయలు కోసి ఉప్పుకారం అద్దుతోంది. కూరగాయల సంచితో వచ్చిన శ్రీరామమూర్తి అనే పెద్దాయన అందరికంటే ముందుకు తోసుకొచ్చాడు.

"మాలలో ఉన్న మనిషి మీద చెయ్యెత్తుతారేంటండీ! అయ్యప్పతో పెట్టుకుంటారా ఎవరైనా?"

ఆసామికి ఇంకా నమ్మకం కుదరలేదు.

"మాల ఏది? చూపియ్."

అందరూ మెడలు సాచారు. శ్రీరామమూర్తి కళ్ళజోడు కూడా పెట్టుకున్నాడు. ఆయనకు కొండల్ మీద జాలి ఉన్న మాట నిజమే కానీ, మాల చూడాలన్న కుతూహలం అంతకంటే ఎక్కువ.

కొండల్ పై గుండీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"చూపిస్త స్వామీ. గని మీ చెయ్యి నా కాలర్ మీదున్నది. మధ్యాహ్నం ఏం తిన్నరు?"

ఆసామి తన వేళ్ళు వాసన చూసుకున్నాడు. చూసుకోనక్కర్లేదు, మటన్ బిర్యానీ సంగతి పక్కనున్నవాళ్ళకు కూడా తెలిసిపోయింది. చటుక్కున చెయ్యి తీసేసి, ప్యాంటుకు తుడుచుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

"బొట్టేది మరి?" ఈసారి గొంతులో మునుపటి ఊపు లేదు.

"చెమటకు పోయింది స్వామీ."

"ఎన్నో మాల?"

"కన్నె స్వామిని."

"మొదటిసారన్నమాట" అని శ్రీరామమూర్తి గుంపుకు విడమరిచి చెప్పాడు.

ఆసామి కొండల్ పాదాల వంకే చూస్తున్నాడు. "చెప్పుల పట్టీల గుర్తులు ఇంకా పోనేలేదు. ఎన్ని రోజులాయె స్వామీ?"

"ఇప్పుడిప్పుడే."

ఏమనుకున్నాడో ఏమో, ఆసామి రెండు చేతులూ జోడించాడు. "నా కండ్లకు పొరలు కమ్మినయ్ స్వామీ. కొత్త బండికి దిష్టి తగిలినట్టుంది, మీ చేతుల మీద గా అద్దంతోనే పోయింది. పెద్దగ కావల్సింది గింతల తప్పింది. మనసుల పెట్టుకోకుండ్రి."

కొండల్‌కు లోపల సిగ్గేసింది. అంత పెద్ద మనిషి కళ్ళు చెమర్చడం చూసి, ఇవి వడ్డనకు వేసుకునే నల్ల బట్టలేనని నిజం చెప్పేద్దామని కూడా అనిపించింది. కానీ రేపటి మూతి గుర్తొచ్చి ఊరుకున్నాడు. "స్వామి శరణం" అని బైకు ఎక్కి కిక్ కొట్టాడు. వట్టి పాదానికి ఇనుము దిగి ప్రాణం పోయినంత పనైంది. బండి స్టార్టు కాలేదు. మళ్ళీ కొట్టాడు. కుంటుతూ కిందికి దిగాడు.

"అయ్యో, వట్టి కాలుతోని ఏం కొడ్తరు స్వామీ! జర జరుగుండ్రి, నేనున్న గదా" అంటూ ఆసామి తానే బైకెక్కాడు. తాళం చేతిలోకి తీసుకుని, తుడిచి, మళ్ళీ పెట్టాడు. బూటు కాలు కిక్ మీద పెట్టి, కొండల్ వైపు చూసి భక్తిగా నవ్వాడు. తిన్న కాయలకు డబ్బులిచ్చి గుంపు కూడా ఒక్కొక్కరుగా కదులుతోంది.

"ఓ నల్లంగి పిలగా!" జామకాయల బండి వెనక నుంచి పెంటమ్మ గట్టిగా కేకేసింది. "ఇందాక నా బండి కిందికి నూకినవ్ గదా, గా చెప్పులు తీస్కపో. నేను బండి జరుపుకోవాలె!"