వినడానికొచ్చిన అవ్వ

"ఒక్కసారి ఆపుతావా నాయనా?"

ముసలావిడ ముందు సీటులో ఉన్న రుఫీనో భుజం తట్టింది.

పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి.

రుఫీనోకి ఒళ్లు మండింది. పైకి మాత్రం నవ్వాడు. పెరూలోని కుస్కో నుంచి కొండలు దాటించి అడవిలోకి యాత్రికుల్ని తీసుకెళ్లే గైడుకి నవ్వడం కూడా ఉద్యోగమే.

"ఆపు, సతుర్నీనో."

"ఇలా మలుపు మలుపుకీ ఆగుతూ పోతే అడవికి వచ్చే ఏడు చేరతాం బావా," అని గొణిగాడు డ్రైవరు. అయినా ఆపాడు.

ఆవిడ పేరు ఎర్మెలిందా. సికువానీ ఊరి నుంచి ఒక్కత్తే వచ్చింది. రెండు జడలు, నల్ల టోపీ, మెడచుట్టూ మందపాటి ఉన్ని మఫ్లరు. మాట పెదవి దాటదు. చెవి దగ్గర పెడితే గాని వినబడదు.

కనుమ అంచున నిలబడి కళ్లు మూసుకుంది. వెనక గడ్డి కొండలు. ముందు, లోయలోంచి పైకి పాకుతున్న మంచు.

"కళ్లు మూసుకుని ఏం చూస్తున్నావవ్వా?"

"చూట్టం లేదు నాయనా. వింటున్నా."

వ్యానులో ఉన్న అరెకిపా నగరం టీచర్లు, భార్యాభర్తలు, మొహాలు చూసుకుని నవ్వుకున్నారు.

కిందికి దిగేకొద్దీ గాలి తడిగా, వెచ్చగా మారింది. ఒక కొమ్మ మీద ఎర్రటి పిట్ట కనబడింది.

"అదిగో, తుంకి!" అన్నాడు రుఫీనో. "మొదట్లో ఇది బూడిద రంగు పిట్ట. అడవికి అప్పటికి నిప్పు తెలీదు. ఇది కొండెక్కి, ఒక ముసలమ్మ పొయ్యిలోంచి నిప్పుకణిక దొంగిలించి, గుండెకి హత్తుకుని ఎగిరొచ్చింది. అందుకే ఆ ఎరుపు!"

టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

భుజమ్మీద మళ్లీ చెయ్యి పడింది.

"దొంగిలించలేదు నాయనా. అడిగింది. ముసలమ్మే ఇచ్చింది."

"అవ్వా, పన్నెండేళ్లుగా చెబుతున్నాను. ఇవాళ నువ్వొచ్చి నాకు నేర్పుతావా?"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

పిల్కొపాతాలో మధ్యాహ్నం భోజనానికి ఆగారు. ఆకులో చుట్టి కాల్చిన చేప, ఉడకబెట్టిన కర్రపెండలం.

"మీరు కొండ ఊరివాళ్లు కదా. ఈ అడవి పిచ్చి ఎలా పట్టింది?" అని అడిగాడు టీచరు.

రుఫీనో మొహం మెత్తబడింది.

"రేడియో వల్ల సార్. మా ఊళ్లో చెట్టన్నది లేదు. గడ్డి, గొర్రెలు, చలి. తెల్లారకముందే అమ్మ పొయ్యి వెలిగించేది. రేడియోలో సెల్లు అయిపోతే నాన్న దాన్ని ఎండలో పెట్టి మళ్లీ బతికించేవాడు, ఆ ఒక్క కార్యక్రమం కోసం. 'లేచారా పిల్లలూ? నేను మీ వేకువత్తని' అంటూ మొదలెట్టేది ఒకావిడ. మా భాషలో, మా అమ్మ మాట్లాడినట్టే. అడవి గురించి చెప్పేది. నది ఎలా మలుపు తిరుగుతుందో, కోతులు ఎలా పోట్లాడుకుంటాయో. దుప్పట్లో ఆరుగురం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. సూప్ చల్లారిపోయేది. నాకొచ్చిన కథలన్నీ ఆవిడవే సార్."

"ఇప్పుడూ చెబుతోందా?"

"ఆమధ్య ఊరెళ్లి రేడియో పెట్టి చూశాను. ఆ గొంతు లేదు. పోయుంటుంది, పాపం. మొహం కూడా ఎప్పుడూ చూళ్లేదు."

ఎర్మెలిందా తింటున్నది ఆపేసింది. ఏదో చెప్పబోయింది. దగ్గు ముంచుకొచ్చింది.

"అసలే గొంతు బాలేదు. ఎందుకవ్వా శ్రమ?" అంటూ రుఫీనో వేడినీళ్లు అందించాడు.

ఆవిడ గ్లాసు తీసుకుని, అతని చేతిని కాసేపు వదల్లేదు.

"బాగా చెబుతావు నాయనా," అంది. ఈసారి అతను ఒంగి విన్నాడు.

తర్వాతి మూడు రోజులూ పడవలో అతని పక్కనే కూర్చుంది. ఒక్క ఫోటో తియ్యలేదు. ఏ కథా వదల్లేదు.

తిరిగొచ్చాక కుస్కో బస్టాండులో, ఆ ఊళ్లోనే ఉండే ఆమె మేనకోడలు ఎదురుచూస్తోంది. రుఫీనో మూట అందించాడు. అవ్వని సికువానీ బస్సెక్కించారు. కిటికీలోంచి చెయ్యి ఊపింది. బస్సు కదిలిపోయింది.

"మా అత్త మిమ్మల్ని విసిగించలేదు కదా అన్నా?"

"అబ్బే. మలుపు మలుపుకీ ఆపించింది, అంతే."

"ఏం చేస్తుంది మరి. ముప్పై ఏళ్లు ఆ అడవి గురించి చెప్పిందే గానీ కళ్లారా చూసింది లేదు. వాళ్ల నాన్న కలప పనికెళ్లి వచ్చి చెప్పిన కబుర్లే అన్నీ."

"ఎక్కడ చెప్పింది?"

"రేడియోలో."

రుఫీనో బస్సు వెళ్లిన వైపు తిరిగాడు.

"మూడేళ్ల కింద గొంతుకి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అప్పట్నుంచి గడప దాటలేదు. కుస్కోలో ఎవరో గైడు తన కథలు చెబుతున్నాడని మొన్న ఎవరో అన్నారు. ఇంక ఆగితేనా!"

రుఫీనో గేటు దాకా పరిగెత్తాడు. రోడ్డు మీద బస్సు జాడ లేదు.

ఒగరుస్తూ తిరిగొచ్చాడు.

"ఆవిడ ఎదుటే... ఆవిడ పోయిందన్నానమ్మా."

"చెప్పింది," అని నవ్వింది ఆ అమ్మాయి. "'నేను పోయానటే పిల్లా, కథలు మాత్రం బతికే ఉన్నాయి' అని బస్సెక్కుతూ నా చెవిలో చెప్పి మురిసిపోయిందన్నా, మీ వేకువత్త."