సాగదీత ఎక్కడ పెట్టమంటారు?

"ఈ సినిమా మీరెక్కడ చూశారండీ?" అన్నాడు నిర్మాత గుమ్మంలోనే నిలబడి, నిన్నటి పేపరు ముందుకు చాపుతూ.

సినిమా సమీక్షకుడు పేపరు వంక చూశాడు. పేపర్లో 'నా కళ్లతో చూస్తే' అన్న అతని శీర్షిక, పక్కన బుగ్గకు చేయి ఆనించుకున్న అతని ఫొటో, కింద మూడు స్టార్లు.

"ప్రివ్యూ వేశారుగా. అక్కడే," అన్నాడు.

నిర్మాత వెనకాలే వచ్చిన దర్శకుడు చెప్పులు విప్పి, సోఫా మీద ఆరేసిన తువ్వాలు పక్కకు జరిపి కూర్చున్నాడు.

"మేమింకా తీయలేదండీ," అన్నాడు నెమ్మదిగా. "పేరు పెట్టి పోస్టరు వేశాం, అంతే. కథ కూడా లేదు."

సమీక్షకుడు గోడకు జారగిలబడ్డాడు. చీకట్లో కూర్చుంటే చాలు, అతనికి నిద్ర ముంచుకొస్తుంది. ఒకసారి గురక భరించలేక జనమే లేపి బయటికి పంపించారు. అప్పట్నుంచీ అతను హాలు గడప తొక్కలేదు. పోస్టరు చూసి రాస్తాడు. పువ్వుంటే ప్రేమకథ, 'సంగీతం ప్రాణం పోసింది' అంటాడు. కత్తి ఉంటే పోరాటాలు, 'కెమెరా పనితనం బాగుంది' అంటాడు. కిటికీలో తెల్లచీర కనిపిస్తే దెయ్యం, 'గుండె జబ్బున్నవాళ్లు చూడొద్దు' అంటాడు. ఏ రకం సినిమాకైనా 'రెండో సగం కాస్త సాగదీత' అన్న వాక్యం మాత్రం ఉప్పులాంటిది, పడాల్సిందే. ఇన్నేళ్లలో ఒక్కటీ తప్పలేదు. ఇప్పుడీ సంగతి ఎడిటరు చెవిన పడితే ఉద్యోగం ఊడుతుంది. ఇంకో పని అతనికి చేతకాదు.

"మా ఎడిటరుకు చెప్పేశారా?"

"చెప్పడమెందుకు గురువుగారూ," అంటూ నిర్మాత అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు రాసింది చూసి, సినిమా మాకంటే మాకని కొనేవాళ్లు మా ఇంటిముందు కూర్చున్నారు. వాళ్లకు ఇదే సినిమా కావాలట. పేపర్లో పడ్డది పడ్డట్టు తీసివ్వాలి. ఒక్క ముక్క తేడా వచ్చినా వాళ్లు నా పీక మీద కూర్చుంటారు. అప్పుడిక నేను మీ ఎడిటరు గదిలో కూర్చోవాల్సిందే."

దర్శకుడు అప్పటికే పెన్ను తీసి, పేపర్లో ఒక్కో వాక్యం కింద గీత గీస్తున్నాడు.

"సాగదీత ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు.

"పెట్టక్కర్లేదండీ. అదే వస్తుంది."

"అలా దేవుడి మీద భారం వేస్తే కుదరదు. నాది చకచకా నడిపే అలవాటు."

సమీక్షకుడు ఫ్యాను వంక చూశాడు. "హీరో బావమరిది కొత్త మంచం కొంటాడు. అది మేడ మెట్లు ఎక్కదు."

"ఎంతసేపు ఎక్కదు?"

"జనం లేచి వెళ్లి, టీ తాగి వచ్చేదాకా."

దర్శకుడు తలూపి రాసుకున్నాడు. 'ప్రేమ, పోరాటం, భయం సమపాళ్లలో కుదిరాయి' అన్నదాని దగ్గర మళ్లీ ఆగాడు. పోస్టరులో పువ్వూ, కత్తీ, తెల్లచీరా మూడూ ఉండబట్టి అలా రాయాల్సొచ్చిందని చెప్పలేక, దెయ్యం పోలీసును ప్రేమిస్తుందని, పోలీసు దెయ్యంతో కత్తియుద్ధం చేస్తాడని సమీక్షకుడు తేల్చేశాడు. 'హాస్యం అతికించినట్టుంది' అన్నందుకు దాన్ని అంత్యక్రియల మధ్యలో అతికించమన్నాడు. 'కొన్ని పాత్రలు అర్ధంతరంగా మాయమవుతాయి' అన్నందుకు ఒక బాబాయిని, ఇద్దరు పోలీసులను, ఒక కుక్కను మాయం చేశాడు. కుక్క జోలికెళ్తే జనం ఊరుకోరని నిర్మాత బతిమాలితే, పోనీలెమ్మని కుక్కను వదిలి పిన్నిని తీసేశాడు.

'కెమెరా పనితనం బాగుంది' దగ్గర మాత్రం నిర్మాత ముఖం చిన్నబోయింది. కెమెరా పట్టేది ఆయన సొంత అల్లుడు. ఆ ఒక్క వాక్యం నిజం చేయడం తన వల్ల కాదన్నాడు దర్శకుడు. చివరికి అల్లుణ్ణి కూడా మాయమయ్యే పాత్రల్లో కలిపేశారు.

సమీక్షకుడి భార్య టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఇద్దరికీ నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. సమీక్షకుడికి కాస్త ధైర్యం వచ్చింది. కాలు మీద కాలు వేసుకుని, వచ్చే సినిమాకు కూడా ముందే తన దగ్గరికి వస్తే ఇబ్బందులుండవని ఇద్దరికీ సలహా ఇచ్చాడు.

"ఇంకొక్కటే మిగిలింది," అని దర్శకుడు చివరి పేరా పైకి చదివాడు. "'హీరో తల్లిగా వేసిన కొత్త నటి ఈ సినిమాకు ఊపిరి. నలభై దాటిన ఇంత సహజమైన ముఖాన్ని మన తెర ఇన్నాళ్లూ ఎలా వదులుకుందో తెలియదు. మిగతావాళ్లు లేకపోయినా పరవాలేదు, ఆమె లేనిదే సినిమా లేదు.' ఎవరండీ ఈవిడ?"

"కొనేవాళ్లు అందరికంటే ముందు అడిగింది ఆవిణ్ణే," అన్నాడు నిర్మాత. "ఆవిడ దొరక్కపోతే మాత్రం నన్నేమీ అనుకోకండి." ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

సమీక్షకుడు పేపరు లాక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. తన జన్మలో ఏ నటినీ అతను ఒక వాక్యానికి మించి పొగడలేదు. ఈ మాటలు తన నోట్లోంచి రాలేదు. ఎప్పటిలాగే తను పడక్కుర్చీలో కళ్లు మూసుకుని చెప్పాడు, భార్య టైపు చేసి ఆఫీసుకు పంపింది. ఈ పోస్టరు ఎక్కడినుంచో తెచ్చి, 'శుక్రవారం వచ్చేస్తోందట, త్వరగా చెప్పండి' అని తొందరపెట్టింది కూడా ఆమే.

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ మడత చెదరని చీరలో, చేతిలో సూట్‌కేసుతో ఆమె వచ్చి నిర్మాత ముందు నిలబడింది.

"బయటి ఊళ్లో షూటింగైతే, ఈయనకు వంటమనిషిని మీరే చూడాలండీ."