కళ్లజోడు సినిమా

సినిమావాళ్లు ఇంగ్‌వాల్డ్ భార్యను అనాకారి వేషానికి వాడుకున్నారు. అందులో అనుమానం లేదు. నవ్వించడానికి వాళ్లకొక వికారపు మొహం కావలసి వచ్చింది. ఈ దీవికి వచ్చి యోర్డిస్‌ను ఏరుకున్నారు. ఆమె పోయి ఏడు నెలలైంది. ఈ ఆదివారం సాయంత్రం ఊరంతా కూర్చుని ఆమెను చూసి నవ్వబోతోంది.

అది జరగనివ్వకూడదని ఇంగ్‌వాల్డ్ నిశ్చయించుకున్నాడు. ఊరి హాలు తాళాలు అతని దగ్గరే ఉంటాయి. మెయిన్ స్విచ్చు వెనక గోడకు, కోట్లు తగిలించే కొక్కేల పక్కన ఉంది. దాని పక్కనే పాతేసినట్టు నిలబడ్డాడు. నెత్తి మీది ఉన్ని టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. యోర్డిస్ అల్లిన, చెవులు కప్పే టోపీ. ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి.

నెలకొకసారి వ్యానులో సినిమా తెచ్చే స్టైనార్ తెర బిగించి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టాడు. పక్కగదిలో వాఫిళ్లనే గళ్ల అట్లు కాలుస్తున్న తూరా కాఫీ పట్టుకుని వచ్చింది.

"కూర్చోవేం?"

"నిలబడితే నీకేం?"

"నాకేం లేదు. స్విచ్చుకి కాపలా కాసేవాణ్ని ఇదే చూడ్డం."

ఇంగ్‌వాల్డ్ కాఫీ అందుకున్నాడు. తాగలేదు.

"ఈ సినిమా సంగతి నాకు తెలుసు," అన్నాడు. "హీరో వాళ్ల తాత కళ్లజోడు పెట్టుకుంటే మనుషుల లోపలి రూపం కనపడుతుందట. అందుకని ఒక్కో వేషానికి ఇద్దరేసి మనుషులు. పైకి ఒకరు, లోపలికి ఒకరు. ఆ మెల్లకన్ను, ఆ వంకర ముక్కు చూసి యోర్డిస్‌ని దేనికి పెట్టుకుని ఉంటారు? లోపలికి పట్నం నుంచి ఏ అందాల బొమ్మనో తెచ్చుకుని ఉంటారు."

"ఆ ముక్క అప్పుడే అన్నావుగా. రేవులో, అందరి ముందూ. నీ అరుపులకి షూటింగే ఆగిపోయింది."

"అన్నాను. ఉన్నమాటే అన్నాను."

"అని, మర్నాడు సంతకం పెట్టావు."

"అది నా పడవ కట్టే చోటు వాడుకుంటామన్న కాగితం."

"చదివావా?"

"యోర్డిస్ తెచ్చింది. పెళ్లాం తెచ్చిన కాగితం చదివేదేమిటి?"

తూరా ఏదో అనబోయింది. పక్కగదిలోంచి మాడు వాసన వచ్చేసరికి పరుగెత్తింది.

సంతకం పెడుతుంటే యోర్డిస్ నవ్వింది. ఎందుకో అతను అడగలేదు. ఆ వేసవంతా ఆమెతో మాట్లాడలేదు గనక అప్పుడూ మాట్లాడలేదు.

దీపాలు ఆరాయి. సినిమా మొదలైంది. హీరో పట్నంలో కళ్లజోడు పెట్టుకుని తిరుగుతున్నాడు. మెరిసిపోయే అమ్మాయిలు వాడి కళ్లకు బోసినోటి మంత్రగత్తెలవుతున్నారు. బస్సు నడిపే లావుపాటి ఆవిడ రాణిలా కనిపిస్తోంది. హాలు పగలబడి నవ్వుతోంది. ప్రతి నవ్వుకీ ఇంగ్‌వాల్డ్ చెయ్యి స్విచ్చు మీదికి పోతోంది.

"అన్నా, ఆ చెయ్యి తియ్యవా," గొంతు తగ్గించి అన్నాడు స్టైనార్. "ఉన్నట్టుండి కరెంటు పోతే నా మిషను పాడవుతుంది."

"నీ పని నువ్వు చూసుకో."

తెర మీద రేవు వచ్చింది. ఇదే రేవు. చేపలు ఎండబెట్టే కర్రల వరసలు. ముందు వరసలో ఎవరో "అదుగో, అదుగో" అన్నారు. బల్ల ముందు యోర్డిస్ కాడ్ చేప కడుపు చీరుతోంది. అదే మెల్లకన్ను. అదే ముక్కు. పక్కన ఆమె మొగుడి వేషంలో బంగారు గడ్డం ఉన్న అందగాడు.

ఇంగ్‌వాల్డ్ స్విచ్చు పిడి పట్టుకున్నాడు. కళ్లజోడు పెట్టుకోనీ. ఆ బొమ్మ రానీ. అప్పుడు.

హీరో కళ్లజోడు పెట్టుకున్నాడు.

యోర్డిస్ అలాగే ఉంది.

హీరో జోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అదే యోర్డిస్. చేతికంటిన పొలుసులు గౌనుకు తుడుచుకుని, వాడికేసి చూసి నవ్వింది. పట్నం నుంచి ఎవర్నీ తేలేదు. పైకీ ఆమే, లోపలికీ ఆమే. సినిమా మొత్తంలో రెండు రూపాలూ ఒకటైన మనిషి ఆమె ఒక్కతే.

హాల్లో ఎవరూ నవ్వలేదు. చీకట్లో తూరా ముక్కు చీదింది.

ఇంగ్‌వాల్డ్ చెయ్యి స్విచ్చు మీంచి జారింది. రేవులో తను అన్నమాట గుర్తొచ్చింది. టోపీని రెండు చేతులతో నలిపాడు. ఒకటికి రెండుసార్లు పొరపాటు పడ్డానని తూరాకైనా చెప్పాలనుకున్నాడు.

తెర మీద హీరో ఈసారి బంగారు గడ్డం అందగాడి వైపు తిరిగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

అందగాడు మాయమయ్యాడు. ఆ చోట ఒక ముసలాడు నిలబడ్డాడు. ఎర్రబడ్డ మొహం, మెడ మీద ఉబ్బిన నరాలు. యోర్డిస్‌కేసి వేలు చూపిస్తూ, తుంపరలు పడేలా అరుస్తున్నాడు. మాట వినపడదు, సంగీతం ఒక్కటే. వేషం లేదు, రంగు లేదు. నెత్తిన మాత్రం ఉన్ని టోపీ ఉంది. ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి.

హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది.

టక్‌మంది. తెర ఆరిపోయింది.

"ఫ్యూజు పోయింది," అన్నాడు చీకట్లో ఇంగ్‌వాల్డ్. "ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."