పాల యాప్‌లో పదకొండు గంటలు

"ఇకనుంచి మనకి ఒకటే నంబర్. జనం మన యాప్‌లో ఎంతసేపు ఉన్నారన్నదే చూద్దాం. ఈ నెల అది బాగా పెరిగింది!" అంటూ చేతన్ ఇత్తడి గంట అందుకున్నాడు. ఇంటింటికీ పాలు పంపే ఆ బెంగళూరు కంపెనీకి యజమాని అతనే. నంబర్ పెరిగినప్పుడల్లా గంట కొట్టడం అక్కడి ఆనవాయితీ.

"ఆగండి సార్. అందరికన్నా ఎక్కువసేపు ఉన్నాయనకి ఫోన్ చేసి, అప్పుడు కొడదాం," అంది భూమిక. పోయిన నెల యాప్ రూపం మార్చింది తనే. ఆ మార్పుకి వచ్చే పొగడ్తేదో చెవులారా వినాలని ఆమె ఆశ.

జయనగర్ పుట్టస్వామి ఫోనెత్తాడు. స్పీకర్ పెట్టారు.

"అభినందనలు సార్! ఈ నెల మా యాప్‌లో పదకొండు గంటలు గడిపారు. అంతగా ఏం నచ్చింది?" అని అడిగింది భూమిక.

"నచ్చడమేంటి తల్లీ! పాలు ఆపే బటన్ ఎక్కడ తగలడిందో వెతుకుతున్నా. ఇంట్లో గిన్నెలన్నీ పెరుగే!"

ఆ బటన్‌ని నాలుగు పేజీల వెనక దాచింది భూమికే. అలా దాచాక పాలు ఆపేవాళ్ళు తగ్గారని అప్పుడు కూడా గంట కొట్టారు.

చేతన్ వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నా, భూమిక ఆ బటన్‌కి దారి చెప్పేసింది.

"బతికించావమ్మా! ఉండు, కాగితం మీద రాసుకోనీ," అన్నాడు పుట్టస్వామి. "మా అపార్ట్‌మెంట్లో ఇంకా నలభై ఇళ్ళవాళ్ళు ఇదే వెతుకుతున్నారు."

చేతన్ గంట నాలుకని వేలితో పట్టుకుని, చప్పుడు కాకుండా బల్ల కింద పెట్టేశాడు.